మా బావ గీసిన నిండు గీత

మా బావ గీతలు గీసి బతుకుతారు. ఈ మాట ఎవరితో అన్నా 'ఓహో, చిత్రకారుడా!' అని కళ్ళు పెద్దవి చేస్తారు. కాదండీ బాబూ. ఆయన చెట్టూ పిట్టా గీయరు. మనిషి బొమ్మ గీయమంటే చేతులెత్తేస్తారు. ఒకసారి మా అక్క పోరు పడలేక ఆమె బొమ్మ గీశారు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. పై నుంచి చూస్తే మా అక్క అంటే ఒక పాపిట, రెండు భుజాలు, అంతే. ఆ కాగితం పుణ్యమా అని చాలా రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఆయన గీసేవి పేటెంటు బొమ్మలు. ఏ కంపెనీ అయినా కొత్త వస్తువు తయారు చేస్తే, 'ఇది మాది, మమ్మల్ని అడక్కుండా ఇంకెవరూ చేయకూడదు' అని ప్రభుత్వం దగ్గర హక్కు రాయించుకుంటుంది. పేటెంటు అంటే అదే. వస్తువు ఆకారం మీద కూడా అలా హక్కు తీసుకోవచ్చు. దానికి వస్తువు బొమ్మ జత చేయాలి. ఆ బొమ్మ గీసే మనిషి మా బావ. లాయర్ల ఆఫీసులో అందరికీ కంప్యూటర్లుంటే, ఈయనకి మాత్రం కిటికీ పక్కన ఒక ఏటవాలు బల్ల, సిరా పెన్నులు, ప్లాస్టిక్ రేకు లాంటి పల్చటి షీట్లు. కంప్యూటరు నేర్చుకోమని ఎవరైనా అంటే, "దాని గీతకి చెయ్యి ఉండదండీ," అని తల అడ్డంగా ఊపేవారు.

ఆయన లోకంలో గీతలు రెండే రకాలు. నిండు గీత, చుక్కల గీత. నిండుగా గీసిందంతా 'మాది' అని. చుక్కల్లో గీసింది 'ఇక్కడ ఇదుంది, కానీ దీనితో మాకు పేచీ లేదు' అని. ఆయన పనిచేసే పద్ధతి కూడా ఆయనలాగే నిదానం. ముందు బొమ్మంతా నిండు గీతల్లో గీసేస్తారు. సిరా ఆరాక, ఏ గీతలు 'మావి కావు' అనాలో వాటిని బ్లేడు మొనతో కొంచెం కొంచెం గీకి చుక్కలుగా మారుస్తారు. ఆ గీకేటప్పుడు ఊపిరి కూడా ఆపుతారు. పక్కన నిలబడి తుమ్మితే ఆ పూట మన మొహం చూడరు.

నేను ఆయన మరదలిని. ఏడిపించే హక్కు పుట్టుకతో వచ్చింది. "బావా, ఈ ఇంట్లో మీకంటూ నిండు గీత ఏదైనా ఉందా?" అని ఒకరోజు అడిగాను. ఆయన నిజంగానే చుట్టూ చూశారు. కుర్చీ అక్క కొన్నది. కర్టెన్లు అక్క కుట్టినవి. చివరికి చేతిలో టీ కప్పు కేసి చూసి, "ఇదిగో, ఇది," అన్నారు. "అది నాది బావా, పొద్దున మర్చిపోయి వెళ్ళాను," అన్నాను. "అయితే లేదమ్మా," అని మిగిలిన టీ తాగేశారు. అలాంటి మనిషి మా బావ.

కానీ ఆఫీసులో ఆయన మాటకి ఎదురుండేది కాదు. ఇన్నేళ్ళలో ఆయన బొమ్మలో తప్పు పట్టిన లాయరు లేడు. కొత్తగా చేరిన కుర్రలాయర్లు కూడా 'ఆయన గీశారా? అయితే చూడక్కర్లేదు' అని సంతకం పెట్టి పంపేసేవారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇప్పుడు మా అక్క సంగతి. అక్క ఇల్లూ సంసారమూ చక్కబెడుతూనే పెద్ద షోరూములో, ఇంకొకరి కౌంటరు వెనక, కాళ్ళు వాచేదాకా నిలబడి మిక్సీలూ ఫ్యాన్లూ అమ్మింది. కొనేవాళ్ళు లేకపోయినా కూర్చోకూడదని అక్కడ రూలు. 'నాదంటూ ఒక షాపు, అందులో నాదంటూ ఒక స్టూలు' అనేది ఆమె కోరిక. చివరికి బస్టాపు ఎదుట సందు మొదట్లో ఒక గది దొరికింది. షాపు తెరిచింది. మొదట కొన్నది స్టూలే. నేను కూడా అందులో పనికి చేరాను.

ఆ షాపుని నిలబెట్టింది తాబేలు. తాబేలంటే ఇల్లు ఊడ్చే యంత్రం. గుండ్రంగా, పైన డొప్పలా ఉండి, నేల మీద తనంతట తానే తిరుగుతూ దుమ్ము పీల్చుకుంటుంది. గోడ తగిలితే వెనక్కి తిరుగుతుంది, మంచం కింద దూరితే మళ్ళీ బయటికొస్తుంది. విదేశీ కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అక్క 'తాబేలు' అంది, ఊరంతా 'తాబేలు' అంది. మా ప్రాంతం మొత్తానికి దాన్ని అమ్మే హక్కు అక్కకే వచ్చింది. దాంతో మిక్సీలూ ఫ్యాన్లూ తీసేసి షాపంతా తాబేళ్ళతో నింపింది. షాపులో ఒకదాన్ని ఎప్పుడూ తిప్పుతూ ఉండేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు దాన్ని చూడ్డానికి లోపలికొచ్చి బస్సు వదిలేసుకునేవారు.

సరిగ్గా అప్పుడే కోర్టు మనిషి వచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో స్టిక్కర్లు. సముద్రాల అవతల ఇద్దరు పెద్దవాళ్ళు కొట్టుకుంటున్నారని, అది మా సందు దాకా వచ్చిందని అప్పుడు తెలిసింది. ఒక పాత కంపెనీ, ఒక కొత్త కంపెనీ. తాబేళ్ళు కొత్త కంపెనీవి. 'పై డొప్ప ఆకారం మాది, వీళ్ళు కాజేశారు' అని పాత కంపెనీ దేశదేశాల్లో కేసులు వేసింది. తీర్పు వచ్చేదాకా అమ్మకాలు ఆపమని మా దేశంలో కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అతను ప్రతి పెట్టె మీదా 'అమ్మరాదు' అని స్టిక్కరు అంటించాడు.

"అమ్మకూడదు, సరే. ఊడ్చుకోవచ్చా?" అని అక్క తిరుగుతున్న తాబేలుని చూపించింది.

పాపం, అతను ఫైలు తిరగేశాడు. "ఊడవడం గురించి ఏమీ రాయలేదమ్మా," అన్నాడు.

అలా ఖాళీ షాపులో అదొక్కటే తిరుగుతూ ఉండేది. నేల మాత్రం అద్దంలా మెరిసిపోయేది. అడుగు పెట్టేవాళ్ళుంటే కదా మాయడానికి! తీర్పు ఎదురు తిరిగితే షాపు మూసేసి, అక్క మళ్ళీ ఆ షోరూములోనే నిలబడాలి. షోరూము మేనేజరు అప్పుడే 'మీ చోటు మీకుంది' అని ఫోను కూడా చేశాడు. ఆ ఫోను వచ్చాక అక్క స్టూలు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఆ సాయంత్రం అక్క కోర్టు కాగితాలు భోజనాల బల్ల మీద పరిచింది. వెనక పేజీలో పాత కంపెనీ పేటెంటు బొమ్మ ఉంది. అక్క దాన్ని దగ్గరికి లాక్కుంది. డొప్ప వంపులో నీడ కోసం వేసిన సన్నటి గీతలు, దువ్వెన పళ్ళలా, చివర కాస్త వంగి.

"ఏవండీ, ఇది మీ చెయ్యి కాదూ?"

బావ కళ్ళజోడు పెట్టుకున్నారు. బొమ్మని వెలుగులోకి తిప్పారు. "నాదే," అన్నారు.

అక్క పిడుగు పడ్డట్టు చూసింది. "అంటే, నా షాపు మూయించింది మీరా?"

"నేను గీశానంతే. ఎవరికోసమో, ఎందుకో నాకేం తెలుసు? ఎప్పటిదో ఇది."

"కట్టుకున్నవాడు గీసిన గీతకే నా నోట్లో మన్ను పడిందన్నమాట!" అంటూ అక్క గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి పక్కింటావిడ కిటికీ తీసి చూసింది. బావ మాత్రం ఆ బొమ్మ వదల్లేదు. కింది అంచు దగ్గర వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

కేసు మొత్తం ఆ కింది అంచు మీదే ఆగిందని తర్వాత తెలిసింది. నాకు మొదట అర్థం కాలేదు. బావ టీ కప్పు తీసుకుని చెప్పారు. "చూడమ్మా. కప్పూ, దాని గుండ్రటి పిడీ రెండూ నిండు గీతల్లో గీశాననుకో. అప్పుడు ఎవడైనా చదరం పిడి పెట్టి కప్పు చేస్తే వాడిని నేనేమీ అనలేను. వాడిది నా బొమ్మలా లేదు కదా. అదే పిడిని చుక్కల్లో గీస్తే, నాది కప్పు మాత్రమే. పిడి ఎలా ఉన్నా సరే, కప్పు నాలా ఉంటే వాడు దొరికిపోతాడు."

తాబేలు సంగతీ అంతే. పై డొప్పలు రెండు కంపెనీలవీ ఒకటే. కింది అంచు మాత్రం పాతవాళ్ళది తిన్నగా, మా తాబేలుది అలల్లా ఉంటుంది. బొమ్మలో కింది అంచు చుక్కల గీత అయితే మా తాబేలు దొరికిపోయినట్టే. నిండు గీత అయితే బయటపడినట్టు. ప్రభుత్వ పుస్తకాల్లోకెక్కిన కాపీలో ఆ గీత కాస్త అలికినట్టుంది. నిండు గీతే అని కొత్త కంపెనీ, కాదు, చుక్కలే అచ్చులో కలిసిపోయాయని పాత కంపెనీ. అసలు షీటు బావ వాళ్ళ ఆఫీసు వేరే చోటికి మారినప్పుడు ఎటో పోయింది. ఇక గీసిన మనిషిని పిలవడం తప్ప దారి లేదు. కొత్త కంపెనీ లాయర్లు బావని సాక్షిగా పిలిపించారు.

"సాక్షి ముందుగా ఎవరితోనూ మాట్లాడకూడదన్నారు," అని బావ ఆ రోజు నుంచి నోటికి తాళం వేసుకున్నారు. అక్క కూడా పౌరుషం గల మనిషి. "నాకోసం అబద్ధం చెప్పమని నేను చచ్చినా అడగను," అని నాతో అంది. అడగలేదు కూడా. కానీ ఆయన వినేలా షోరూము మేనేజరు ఫోను గురించి చెప్పింది, నిలబడితే వాచే కాళ్ళ గురించి చెప్పింది, స్టూలు ఎవరికిచ్చేద్దామని నన్ను అడిగింది. ఇంతకన్నా నోరు విడిచి అడిగేయడమే నయం అనిపించింది నాకు.

కోర్టుకి ముగ్గురమూ వెళ్ళాం. పెద్ద తెర మీద విదేశీ లాయర్లు, అక్కడ ఏ వేళో ఏమో, ఆవలిస్తూ కనిపించారు. ఇంకో తెర మీద బావ బొమ్మ. ఆ కింది అంచు గీత నా చెయ్యంత లావుగా కనబడుతోంది. జడ్జిగారు పెద్దావిడ. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి అందర్నీ చూస్తున్నారు. బావ చేత ప్రమాణం చేయించారు.

కొత్త కంపెనీ లాయరు లేచాడు. "ఈ కింది అంచు నిండు గీతా, చుక్కల గీతా?"

"నిండు గీత," అన్నారు బావ.

అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ఇప్పుడు పాత కంపెనీ లాయరు లేచాడు. బావ ఆఫీసు పెద్ద సారే ఆయన. నమ్మలేనట్టు చూశాడు. "చుక్కల్లో ఉండాలని మీకు చెప్పారా, లేదా?"

"చెప్పారండీ."

"మరి?"

"గీకడం మర్చిపోయాను."

"మీరు ఇలా ఇంకెప్పుడైనా మర్చిపోయారా?"

"లేదండీ."

"ఈ ఒక్కసారే. సరిగ్గా ఈ బొమ్మకే."

"అవునండీ."

"మీ భార్య ఏం చేస్తారు?"

"షాపు నడుపుతుంది."

"ఏం అమ్ముతారు?"

"ప్రస్తుతం ఏమీ అమ్మడం లేదండీ," అన్నారు బావ అమాయకంగా. హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా పెదవి బిగించుకున్నారు.

"అంతకు ముందు?"

"ఈ యంత్రాలే."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేనట్టు చేతులు చాచి కూర్చున్నాడు. అందరూ వెనక్కి తిరిగి మా అక్కని చూశారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. నాకూ తల తీసేసినట్టయింది. నేనూ అబద్ధమే అనుకున్నాను మరి. పెళ్ళాం షాపు కోసం పెద్దమనిషి పరువు వదిలేసుకున్నాడే అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

తీర్పు కొన్నాళ్ళకి వచ్చింది. 'సాక్షి భార్య వ్యాపారాన్ని బట్టి చూస్తే అతని మాటని లెక్కలోకి తీసుకోలేం' అని జడ్జిగారు మొదటే పక్కన పెట్టేశారు. కానీ పుస్తకాల్లోకెక్కిన బొమ్మ చూసేవాళ్ళకి ఎలా కనబడితే అదే లెక్క అన్నారు. అలికినా అది మామూలు కంటికి నిండు గీతే, బొమ్మ సరిగ్గా ఇవ్వకపోవడం ఇచ్చినవాళ్ళ తప్పు. ఉత్తర్వు ఎత్తేశారు. స్టిక్కర్లు పీకడానికి కోర్టు మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి తనే ఒక తాబేలు బేరమాడాడు.

బావ అప్పటికే ఆఫీసు మానేశారు. ఎవరూ పొమ్మనలేదు. బల్ల మీదికి పని రావడం మానేసింది, అంతే. నేను ఆయన పెన్నులు తేవడానికి సాయం వెళ్ళాను. మెట్లు దిగుతుంటే మధ్యలో ఆగి అన్నారు, "తప్పు చేశానంటే ఒక్కడూ నమ్మడం లేదమ్మా."

"ఇంకా ఎందుకు బావా ఆ నాటకం? నా దగ్గర కూడానా?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. మా బావ మొహంలో నొప్పి అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. "నువ్వూ అంతేనా? బొమ్మ చూడగానే తెలిసింది నాకు. బ్లేడు తగిలితే ఆ గీత వేరేలా ఉంటుంది. నన్ను సాక్షిగా పిలవకముందే పెద్ద సారుకి చెప్పాను, 'సార్, అది నిండుగానే ఉండిపోయింది' అని. ఆయన భుజం తట్టి 'కంగారు పడకండి, మీరు తప్పు చేయరు' అన్నాడు. ఆ బొమ్మ గీసిన రోజు మీ అక్క తాళాలు లోపల పెట్టి తలుపు లాగేసింది, గుర్తుందా? నువ్వు కూడా మెట్ల మీద కూర్చునున్నావు."

అక్క అలా తలుపు లాగేసుకోవడం మామూలే. కానీ ఆ రోజు నాకు గుర్తుంది. వాన. ఇద్దరమూ మెట్ల మీద తడుస్తున్నాం. బావ ఆఫీసు నుంచి తన తాళం చెవి పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వేళ్ళకి సిరా. చేతిలో తాళం చెవితో పాటు బ్లేడు కూడా ఉంది. 'ఒక్క గీత మిగిలింది, పోయి గీకేసి వస్తాను' అన్నారు. అక్క ఆయన చొక్కా పట్టుకుని, 'ఇంత వానలో ఎక్కడికండీ, గీత ఎక్కడికీ పోదులెండి' అని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాన తగ్గలేదు, ఆయన వెళ్ళలేదు. మర్నాటికి ఆయన ఆ గీత సంగతే మర్చిపోయారు, ఎవరో ఆ షీటు చూడకుండానే సంతకం పెట్టి పంపేశారట.

నాకు ఆ ఆఫీసు మెట్ల మీదే కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "అయితే నిజమే చెప్పారా బావా!" అన్నాను.

"మరి ప్రమాణం చేసి అబద్ధం చెబుతానా?" అన్నారు కోపంగా. కాసేపటికి కోపం దిగింది. "ఆఫీసు నమ్మకపోతే పోనీ. కోర్టు నమ్మకపోయినా పోనీ. మీ అక్క ఒక్కతి నమ్మితే చాలు నాకు. ఇప్పుడే వెళ్ళి చెబుతాను. వాన సంగతి నువ్వు పక్కనుండి చెప్పాలి సుమా."

షాపుకి వెళ్ళేసరికి అక్క మంచి ఊపు మీదుంది. పొద్దున్నించీ బేరాలే. ఆఖరు మనిషిని సాగనంపి, షట్టరు సగం దించి, స్టూలు తెచ్చి బావ ముందు పెట్టింది.

"కూర్చోండి."

"అది నీది కదా," అన్నారు బావ.

"కూర్చోండంటుంటే!" అంది. ఆయన కూర్చున్నారు. గొంతు సవరించుకుని, "ఇదిగో చూడు, ఆ గీత సంగతి నీకొకటి చెప్పాలి," అని మొదలుపెట్టారు.

"మీరేం చెప్పక్కర్లేదు," అంది అక్క. నిలబడే ఉంది. చీర కొంగు వేలికి చుడుతోంది. నా అంత నోరున్న మనిషి, మాట కోసం వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. "చిన్నప్పటి నుంచీ నాకోసం ఎవరూ ఏదీ వదులుకోలేదండీ. మా నాన్న కూడా. మీరు అంతమందిలో నిలబడి, మీకు ప్రాణమైన పనిని, ఆ పేరుని, నాకోసం..." ఇంక అనలేకపోయింది. "మీకు అబద్ధం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలియదా? నాకోసమే కదూ?"

బావ నోరు తెరిచే ఉన్నారు. నా వైపు చూశారు. నేను వాన సంగతి చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన మళ్ళీ అక్క వైపు తిరిగారు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని ఆ మొహాన్ని, షీటు మీద బ్లేడు పెట్టేముందు ఊపిరి ఆపినట్టు ఆపి, కాసేపు చూశారు.

"అవును," అన్నారు.

మా బావ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.